‘ఇల్లు’ అనే మాట కథ

మనం రోజూ ఎన్నోసార్లు పలికే మాట ‘ఇల్లు’. ఆఖరి గంట కొట్టగానే ‘ఇంటికి పోదాం’ అంటాం. హోంవర్కు పుస్తకం తేకపోతే ‘ఇంట్లో మరిచిపోయాను’ అంటాం. స్నేహితులను ‘మా ఇంటికి రండి’ అని పిలుస్తాం. ఇంతగా వాడే ఈ మాట ఎక్కడిది? ‘ఇల్లు’ అన్నది ‘ఇంటి’ అని ఎందుకు మారుతుంది? వంటిల్లులోనూ, ఇల్లాలిలోనూ, ఇంటిపేరులోనూ ఉన్నది ఒకే ఇల్లా? ఈ వ్యాసంలో వీటిని వరుసగా తెలుసుకుందాం.

ఈ మాటనే ఎంచుకోవడానికి ఒక కారణం ఉంది. బడిలో ఏ ఫారం నింపినా ‘శాశ్వత చిరునామా’ అనే గడి ఒకటి ఉంటుంది. ఆ గడి దగ్గరికి రాగానే మీలో చాలామంది పెన్ను ఆపేస్తారు. సెక్టారు, స్ట్రీటు, క్వార్టరు నంబరు రాయాలా? తాతగారి ఊరు రాయాలా? నాన్నగారికో అమ్మగారికో మళ్ళీ బదిలీ అయితే ఈ క్వార్టరు వేరొకరిది అవుతుంది. తాతగారి ఊళ్ళో మీరు ఉండేది వేసవి సెలవుల్లో నాలుగు వారాలు. మరి మీ ఇల్లు ఏది? మేము కూడా బదిలీల మీద ఊరూరా తిరిగేవాళ్ళమే కాబట్టి, ఈ ప్రశ్న ఎంత చిక్కుదో మాకు తెలుసు. ‘ఇల్లు’ అనే మాట పుట్టుపూర్వోత్తరాలు చూస్తే ఈ ప్రశ్నకు కొంత జవాబు దొరుకుతుంది.

మాట ఎక్కడిది?

తెలుగులో సంస్కృతం నుంచి వచ్చిన మాటలు చాలా ఉన్నాయి. గృహం, నివాసం, భవనం, సదనం అన్నీ అలా వచ్చినవే. మన ఊళ్ళోని ‘భిలాయి నివాస్’ పేరులో ఉన్నదీ సంస్కృతపు మాటే. ‘ఇల్లు’ మాత్రం అచ్చతెలుగు మాట. ద్రావిడ భాషలు ఒకదానినుంచి ఒకటి విడిపోకముందే ‘ఇల్’ అనే మాట ఉండేదని భాషావేత్తలు గుర్తించారు. టి. బర్రో, ఎం. బి. ఎమెనో అనే ఇద్దరు పండితులు ద్రావిడ భాషల మాటలన్నీ పోల్చి ఒక పెద్ద నిఘంటువు తయారుచేశారు. అది 1961లో వెలువడింది. అందులో తెలుగు ఇల్లుతోపాటు దాని చుట్టాలన్నీ ఒకేచోట కనిపిస్తాయి.

ఆ చుట్టాలు ఎవరో చూద్దాం. తమిళంలో ‘ఇల్’, ‘ఇల్లం’ అంటే ఇల్లు. తమిళ ఇల్‌కు ‘చోటు’ అనే అర్థం కూడా ఉంది. మలయాళంలో ‘ఇల్లం’ అంటే ఇల్లే. ముఖ్యంగా నంబూద్రీల ఇళ్ళను అలా పిలుస్తారు. అరకు వైపు కొండల్లో వినిపించే కొండ భాషలో ‘ఇలు’ అంటారు. ఒడిశా కొండల్లో మాట్లాడే కుయి భాషలో ‘ఇడు’ అంటారు.

ఇక మన పొరుగునే ఉన్న చుట్టం గోండీ. కాంకేర్, నారాయణపూర్, బస్తర్ ప్రాంతాల్లో ఈ భాష మాట్లాడేవారు ఎందరో ఉన్నారు. తెలంగాణలోని ఆదిలాబాద్ వైపు, మహారాష్ట్రలో, మధ్యప్రదేశ్‌లో కూడా ఉన్నారు. 2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో గోండీ మాతృభాషగా ఉన్నవారు 29 లక్షలకు పైగానే. గోండీలో ఇంటిని కొన్నిచోట్ల ‘రోన్’ అనీ, కొన్నిచోట్ల ‘లోన్’ అనీ అంటారు. వినడానికి ఇల్లులాగా లేకపోయినా, భాషావేత్తలు దీన్ని కూడా ఇల్లు కుటుంబంలోనే చేర్చారు. మాట మొదట్లో ఉన్న అచ్చు వెనక్కి జరిగి, వెనకున్న హల్లు ముందుకు రావడం ఈ భాషల్లో మామూలే. తమిళంలో ‘ఉరల్’ అన్నదాన్ని మనం ‘రోలు’ అంటాం కదా, అలాంటిదే.

తెలుగు, గోండీ, కుయి, కొండ భాషలు ద్రావిడ కుటుంబంలో ఒకే కొమ్మకు చెందినవని ఆచార్య భద్రిరాజు కృష్ణమూర్తి వివరించారు. ఆయన 1928లో ఒంగోలులో పుట్టారు. కొండ భాష మాట్లాడేవారి దగ్గర ఆ భాష నేర్చుకుని 1969లో దాని మీద ఒక గ్రంథమే ప్రచురించారు. కాబట్టి పిల్లలూ, ఛత్తీస్‌గఢ్‌లో తెలుగు మాట్లాడితే పరాయి భాష మాట్లాడుతున్నామని అనుకోనక్కరలేదు. మన ఉక్కు కర్మాగారానికి ఇనుప రాయి పంపే దల్లీ రాజహరా గనులు దాటి దక్షిణంగా వెళితే, మన ఇల్లుకు చుట్టమైన మాటను పలికే పల్లెలు ఎన్నో ఉన్నాయి.

అయితే ద్రావిడ భాషలన్నిటిలోనూ ఇదే మాట వాడుకలో ఉంటుందని అనుకోకండి. కన్నడంలో మామూలుగా ఇంటిని ‘మనె’ అంటారు. ఇదే రాష్ట్రంలో జష్‌పూర్ వైపు మాట్లాడే కుడుఖ్ భాషలో ‘ఎడ్పా’ అంటారు. ఇంకొక హెచ్చరిక కూడా అవసరం. బెంగళూరు వెళ్ళినప్పుడు ఎవరైనా ‘ఇల్ల’ అంటే ఇల్లు అనుకునేరు! కన్నడంలో దానికి ‘లేదు’ అని అర్థం. ఒకేలా వినిపించినంత మాత్రాన రెండు మాటలు చుట్టాలు కావు.

ఇల్లు, ఇంటి, ఇళ్ళు, ఇండ్లు

‘ఇల్లుకి వెళ్తున్నా’ అని మన తరగతిలో అప్పుడప్పుడు వినిపిస్తుంది. హిందీలో ‘ఘర్’ మారదు. ‘ఘర్ మే’, ‘ఘర్ సే’, ‘ఘర్ కా’ అని వెనక ఒక మాట చేరుతుంది, అంతే. తెలుగులో అలా కాదు. ‘ఇల్లు’ వెనక విభక్తి చేరేటప్పుడు అది ‘ఇంటి’గా మారుతుంది: ఇంటికి, ఇంటితో, ఇంటినుంచి, ఇంటిలో. ఈ చివరిదే మాటల్లో ‘ఇంట్లో’ అవుతుంది.

ఇలా మారే మాటలు ఇంకా ఉన్నాయి. కన్ను – కంటి, పన్ను – పంటి, రోలు – రోటి, నోరు – నోటి, ఏరు – ఏటి. వీటిలో వచ్చి చేరిన ‘టి’ని వ్యాకరణంలో ఔపవిభక్తికం అంటారు. 19వ శతాబ్దంలో పరవస్తు చిన్నయసూరి రాసిన బాలవ్యాకరణంలో దీనికి సూత్రం ఉంది. పేరు పెద్దదని భయపడకండి. ‘నోరులో’ అనకుండా ‘నోట్లో’ అని మీరు ఎప్పటినుంచో అంటూనే ఉన్నారు. ‘ఇల్లులో’ అనకుండా ‘ఇంట్లో’ అనడమూ అదే.

బహువచనంలో కూడా రెండు రూపాలు వినిపిస్తాయి. తెలంగాణ నుంచి వచ్చిన కుటుంబాల్లో ‘ఇండ్లు’ అంటారు. కోస్తా నుంచి వచ్చినవారు ‘ఇళ్ళు’ అంటారు. ఇండ్లు పాత రూపం. ఇళ్ళు దాన్నుంచి వచ్చింది. అలాగే ‘ఇంట్లో’, ‘ఇంట్ల’, ‘ఇంటికాడ’ అన్నీ మన తరగతి గదిలోనే వినిపిస్తాయి. ‘ఇంట్ల ఉన్నడు’ అని ఒకరు అంటే పక్కవారు నవ్వడం మేము చూశాం. నవ్వవలసిన పని లేదు. అవి ఒకే మాటకు వేర్వేరు ఊళ్ళలో వచ్చిన రూపాలు. అమ్మమ్మ, నానమ్మ ఎలా అంటే మీరూ అలా అనండి. పరీక్షలో రాసేటప్పుడు పుస్తకంలోని రూపం రాస్తే చాలు.

ఒక ఇంట్లో ఎన్ని ఇళ్ళు!

ఇప్పుడు ‘ఇల్లు’తో ఏర్పడిన మాటలు చూద్దాం.

వంట చేసే గది వంటిల్లు. పడుకునే గదిని పూర్వం పడకటిల్లు అనేవారు. ఇంటి నడిమి భాగం నట్టిల్లు. ‘నట్టింట్లో చెప్పులేసుకుని తిరుగుతున్నావేంరా’ అని నానమ్మ కోప్పడితే ఆ నట్టిల్లు ఇదే. అంటే, ‘ఇల్లు’ మొత్తం కట్టడానికీ పేరే, అందులోని ఒక గదికీ పేరే. ఆ లెక్కన, రెండు గదులూ ఒక వంటగదీ ఉన్న చిన్న క్వార్టరులో కూడా మూడు నాలుగు ఇళ్ళు ఉన్నట్టే!

ఏ వస్తువుతో కట్టారో చెప్పే మాటలు కొన్ని: మట్టిల్లు, పూరిల్లు, పెంకుటిల్లు. పూరి అంటే పైకప్పుకు వేసే గడ్డి. పెంకు, ఇల్లు కలిసినప్పుడు నడుమ ‘ట్’ వచ్చి పెంకుటిల్లు అయింది. దీన్నే టుగాగమ సంధి అంటారు. పొద, ఇల్లు కలిస్తే నడుమ ‘ర్’ వచ్చి పొదరిల్లు అయింది. బొమ్మరిల్లు కూడా అంతే. మైత్రీ బాగ్‌లో తీగలు అల్లుకున్న పందిరి కింద ఎప్పుడైనా కూర్చుంటే, అదే పొదరిల్లు అని గుర్తుచేసుకోండి.

కట్టిన తీరును చెప్పే మాటలు ప్రాంతాన్ని బట్టి మారతాయి. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ తీరంలో గుండ్రటి గోడలు, కింది దాకా దిగిన గడ్డికప్పు ఉన్న చుట్టిళ్ళు ఉండేవి. తుపాను గాలి గుండ్రటి ఇంటిని మూలలున్న ఇంటిలాగా పట్టి లాగలేదు, చుట్టూ జారిపోతుంది. ఇప్పుడు అవి బాగా తగ్గిపోయాయి. భిలాయిలో స్థిరపడిన తెలుగువారిలో చాలామంది ఆ జిల్లాల వైపు నుంచి వచ్చినవారే. కాబట్టి మీలో కొందరి ముత్తాతలు చుట్టింట్లో పుట్టి ఉండవచ్చు, అడిగి చూడండి. గోదావరి జిల్లాల్లో నడుమ ఆకాశం కనిపించే మండువా లోగిళ్ళు కట్టారు. రాయలసీమలో వానలు తక్కువ కాబట్టి బల్లపరుపు కప్పుతో మట్టి మిద్దెలు కట్టుకున్నారు.

పెళ్ళయిన స్త్రీకి రెండు ఇళ్ళు ఉంటాయి. పుట్టిన ఇల్లు పుట్టిల్లు. పెళ్ళయ్యాక అడుగుపెట్టిన ఇల్లు మెట్టినిల్లు. మెట్టడం అంటే అడుగుపెట్టడం. పెళ్ళయ్యాక అల్లుడే అత్తవారింట్లో ఉండిపోతే అది ఇల్లరికం.

ఇల్లంటే గోడలేనా?

ఇప్పుడు అసలు సంగతికి వద్దాం. ఈ కింది మాటలు గమనించండి.

‘మా ఇంట్లోవాళ్ళు ఒప్పుకోరు’ అంటాం. ఒప్పుకోవలసింది అమ్మానాన్నలు. ‘ఇంటిల్లిపాదీ వచ్చారు’ అంటే కుటుంబమంతా వచ్చారని అర్థం. ‘మా అన్నయ్య ఒక ఇంటివాడయ్యాడు’ అంటే ఇల్లు కొన్నాడని కాదు, పెళ్ళి చేసుకున్నాడని. అద్దె గదిలో ఉంటున్నా సరే, పెళ్ళయితే ఒక ఇంటివాడే. ఇల్లు, ఆలు కలిసిన మాట ఇల్లాలు. ఆలు అంటే స్త్రీ, భార్య. తమిళంలో కూడా ‘ఇల్లాళ్’ అనే మాట ఉంది.

అంటే తెలుగులో ‘ఇల్లు’ అనే మాటకు గోడలు, కప్పు అని ఒక అర్థం. అందులో ఉండే మనుషులు అని రెండో అర్థం. ఈ రెండో అర్థం మన మాటల్లో ఎంతగా నాటుకుపోయిందంటే, మనం దాన్ని ప్రత్యేకంగా గమనించం కూడా.

బదిలీ అయ్యే కుటుంబాలు ఈ రెండు అర్థాలనూ విడివిడిగా చూడగలవు. లారీ వచ్చి సామాను ఎక్కించాక పాత క్వార్టరులో గోడలు, కప్పు, మేకులు కొట్టిన గుర్తులు మిగులుతాయి. అప్పుడు దాన్ని ‘ఖాళీ ఇల్లు’ అంటాం. కొత్త ఊళ్ళో తాళం తీసి లోపలికి వెళ్ళగానే మన అమ్మలు చేసే మొదటి పని పొయ్యి మీద గిన్నె పెట్టి పాలు పొంగించడం. సొంత ఇంటి గృహప్రవేశానికి ఏం చేస్తారో, రెండు మూడేళ్ళు ఉండబోయే సర్కారు క్వార్టరుకూ అదే చేస్తారు. మేము ఉద్యోగరీత్యా ఏ ఊరు వెళ్ళినా తెలుగు కుటుంబాల్లో ఇది చూశాం. చాపలు పరవలేదు, పెట్టెలు విప్పలేదు, కానీ పాలు పొంగాయి. ఇక అది క్వార్టరు కాదు, ఇల్లు.

మా ఇల్లు, మన ఇల్లు, నా ఇల్లు

‘నా ఇల్లు సెక్టార్ 4లో ఉంది’, ‘నా అమ్మ పిలుస్తోంది’ అని కొందరు పిల్లలు అంటుంటారు. ఇది ‘మేరా ఘర్’, ‘మేరీ మమ్మీ’ ప్రభావం. తెలుగులో మామూలుగా ‘మా ఇల్లు’, ‘మా అమ్మ’ అంటాం. అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళు ఎవరూ లేని ఒక్క బిడ్డ అయినా సరే ‘మా అమ్మ’ అనే అంటారు. ఎందుకంటే ఇల్లు ఒక్కరిది కాదు. అమ్మకు మీరొక్కరే సంతానమైనా, ఇంట్లో నాన్న ఉన్నారు, నానమ్మ ఉన్నారు. ఆ ఇంటివాళ్ళందరి తరఫునా మీరు మాట్లాడుతున్నారు.

తెలుగుకు ఇంకో సౌకర్యం ఉంది. హిందీలో ‘హమారా ఘర్’ అంటే వినేవారు అందులో చేరారో లేదో తెలియదు. తెలుగులో ‘మా ఇల్లు’ అంటే మీది కాదు, మాది. ‘మన ఇల్లు’ అంటే మీది కూడా. చుట్టాలు వచ్చినప్పుడు ‘మొహమాటపడకండి, ఇది మన ఇల్లే అనుకోండి’ అంటాం. ‘మా’ను ‘మన’గా మార్చగానే వచ్చినవారికి ఇంట్లో చోటు ఇచ్చినట్టయింది. కొత్తగా బదిలీ మీద వచ్చిన పిల్లవాడిని ‘మా బడి’ అని కాకుండా ‘మన బడి’ అని తిప్పి చూపించండి. ఆ తేడా వాడికి వెంటనే తెలుస్తుంది.

పొరుగు మాటలు: ఘర్, మకాన్, క్వార్టరు, దోమ్

హిందీ ‘ఘర్’ సంస్కృతపు ‘గృహ’ నుంచి వచ్చింది. గృహ ప్రాకృతంలో ‘ఘర’ అయి, తర్వాత ‘ఘర్’ అయింది. ఛత్తీస్‌గఢీలోనూ ఘర్ అనే అంటారు. మనం సంస్కృత రూపాన్ని నేరుగా తీసుకుని గృహప్రవేశం, గృహిణి, గృహస్థు అంటాం.

హిందీలో ఇంకో మాట ‘మకాన్’. ఇది అరబ్బీ మాట. చోటు అని అర్థం. మన తెలుగులో ‘మకాం’ ఉంది కదా, అదే ఇది అనుకుంటారు. కాదు. మకాం కూడా అరబ్బీ నుంచి వచ్చిందే, కానీ ‘మకామ్’ అనే వేరే మాట నుంచి. దానికి నిలిచే చోటు, ఆగే చోటు అని అర్థం. అందుకే తెలుగులో ‘మకాం’ అంటే కొద్దికాలం ఉండే చోటు. ‘మకాం మార్చారు’ అనే మాట మన కుటుంబాలకు కొత్త కాదు.

ఇక ‘క్వార్టరు’. ఇంగ్లీషులో దీనికి నాలుగో వంతు అని అర్థం. మూలం లాటిన్. నాలుగో వంతు అన్న మాట ఊరిలో ఒక భాగానికి పేరైంది. తర్వాత సైనికులు బస చేసే చోటుకు, ఆ తర్వాత ఉద్యోగులకు ఇచ్చే వసతికి పేరైంది. తెలుగువాళ్ళ నోట్లో అది ‘కోటర్సు’ అయింది. ‘బంగళా’ బెంగాల్ నుంచి వచ్చింది. బెంగాలీ పద్ధతిలో కట్టిన ఇల్లు అని దాని మొదటి అర్థం.

భిలాయికి సంబంధించిన ఇంకో మాట కూడా చెప్పుకోవాలి. ఉక్కు కర్మాగారం కట్టడానికి భారత ప్రభుత్వం సోవియట్ యూనియన్‌తో 1955 ఫిబ్రవరి 2న ఒప్పందం చేసుకుంది. మొదటి బ్లాస్ట్ ఫర్నేసును 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి బాబూ రాజేంద్ర ప్రసాద్ ప్రారంభించారు. సోవియట్ ఇంజనీర్లు కుటుంబాలతో సహా వచ్చి ఇక్కడ ఉన్నారు. వాళ్ళ రష్యన్ భాషలో ఇంటిని ‘దోమ్’ అంటారు. వేద కాలపు సంస్కృతంలో ఇంటికి ‘దమ’ అనే మాట ఉంది. దోమ్, దమ రెండూ ఒకే మూలం నుంచి వచ్చినవి. ఆ దమ మనకు ‘దంపతులు’ అనే మాటలో ఇప్పటికీ మిగిలి ఉంది. దంపతి అంటే మొదట ఇంటి యజమాని అని అర్థం. ఇద్దరినీ కలిపి చెప్పినప్పుడు ఇంటికి యజమానులైన భార్యాభర్తలు. ఎక్కడి రష్యా, ఎక్కడి పెళ్ళిపత్రిక!

విడిది ఇల్లయిన కథ

తమిళంలో ‘ఇల్లం’ ఉన్నా, రోజూ వాడే మాట ‘వీడు’. ఈ వీడు ‘విడు’ అనే క్రియ నుంచి వచ్చింది. తెలుగులో కూడా ‘విడుచు’, ‘విడిచిపెట్టు’ ఉన్నాయి. ప్రయాణంలో బరువు దించి, ఎద్దులను విడిచి, ఆగే చోటు అన్నమాట. తెలుగులో ఇదే కుటుంబానికి చెందిన మాట ‘విడిది’. పెళ్ళికి వచ్చిన మగపెళ్ళివారికి ఇచ్చే బస విడిది. పాత తెలుగులో ‘వీడు’ అంటే దండు విడిసిన చోటు, పట్నం.

ఒకే మూలం నుంచి వచ్చిన మాట తెలుగులో రెండు రోజుల బసకు పేరుగా మిగిలింది. తమిళంలో పుట్టి పెరిగే ఇంటికి పేరైంది. ఆగిన చోటే కాలక్రమంలో ఇల్లయింది. భిలాయి తెలుగు కుటుంబాలను చూస్తే ఇది మనకు కళ్ళెదుటే కనిపిస్తుంది. కర్మాగారం కట్టే రోజుల్లో పని కోసం వచ్చినవారు కొన్నాళ్ళు ఉండి వెళ్ళిపోదామనే వచ్చి ఉంటారు. వాళ్ళ మనవలు ఇప్పుడు మీ పక్క బెంచీల్లో కూర్చుని చదువుకుంటున్నారు. వాళ్ళకు భిలాయి విడిది కాదు.

ఇంటిపేరు ఏం చెబుతుంది?

మన పేరుకు ముందు ఉండేది ఇంటిపేరు. హిందీలో ‘ఉప్‌నామ్’ పేరు తర్వాత వస్తుంది. మనకు ఇంటిపేరు ముందే వస్తుంది. తెలుగు ఇంటిపేర్లలో చాలా వాటికి మూలం ఊరి పేరు. పల్లి, పాడు, కొండ, ఊరి, వాడ, గుండం అని ముగిసే ఇంటిపేర్లు మన హాజరు పట్టీలోనే ఎన్నో ఉన్నాయి.

ఇక్కడ ఒక్క క్షణం ఆలోచించండి. ఒక ఊళ్ళో ఉన్నవారందరూ ఆ ఊరివారే. కాబట్టి ఆ ఊళ్ళో ఉన్నంతకాలం ఎవరినీ ఆ ఊరి పేరుతో పిలవవలసిన అవసరం రాదు. ఆ కుటుంబం అక్కడినుంచి బయలుదేరి వేరే ఊరు చేరినప్పుడే, కొత్త ఊరివాళ్ళు వాళ్ళను ‘ఫలానా ఊరివాళ్ళు’ అని పిలుస్తారు. అంటే ఊరి పేరు ఇంటిపేరైందంటే, ఆ కుటుంబం ఎప్పుడో ఒకప్పుడు ఊరు మారిందని చాలాసార్లు అర్థం. బదిలీలు మనతో మొదలు కాలేదు!

మీకు తెలిసిన కొన్ని పేర్లు చూడండి. సెప్టెంబరు 5న మనం గుర్తుచేసుకునే డాక్టర్ సర్వేపల్లి రాధాకృష్ణన్ పూర్వీకులది నెల్లూరు జిల్లా సర్వేపల్లి. ఆయన 1888లో పుట్టింది తమిళనాడులోని తిరుత్తణిలో. త్యాగరాజస్వామి ఇంటిపేరు కాకర్ల. ఆ ఊరు ప్రకాశం ప్రాంతంలో ఉంది. ఆయన 1767లో పుట్టింది తిరువారూరులో, జీవించింది తిరువయ్యారులో. అయినా ఆయన కీర్తనలు రాసింది ఎక్కువగా తెలుగులోనే.

ఇంజనీర్ల దినోత్సవం నాడు మనం తలుచుకునే మోక్షగుండం విశ్వేశ్వరయ్య సంగతీ అంతే. మోక్షగుండం కూడా ప్రకాశం ప్రాంతపు ఊరే. ఆయన పుట్టింది కర్ణాటకలోని ముద్దేనహళ్ళిలో. భద్రావతిలోని మైసూరు ఇనుము కర్మాగారానికి ఆయన అధ్యక్షుడిగా పనిచేశారు. ఇప్పుడు ఆ కర్మాగారానికి ఆయన పేరే పెట్టారు. మన భిలాయి కర్మాగారంలాగే అదీ సెయిల్‌లో భాగం. ఆయన కుటుంబం ఊరు విడిచి, రాష్ట్రం దాటి, తరాలు గడిచినా, మోక్షగుండం అనే చిన్న ఊరు ఆయన పేరుకు ముందు నిలిచే ఉంది.

అందుకని ఫారంలో మీ ఇంటిపేరు రాసేటప్పుడు దాన్ని ఒక్క అక్షరానికి కుదించి ఊరుకోకండి. పూర్తిగా ఎలా రాయాలో నేర్చుకోండి, తెలుగు లిపిలో కూడా రాయండి. మీ శాశ్వత చిరునామాల్లో అన్నిటికంటే పాతది అదే కావచ్చు.

ఇంటి సామెతలు

ఇల్లు మీద సామెతలు చాలా ఉన్నాయి. కొన్ని చూద్దాం.

‘ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు.’ ఈ రెండు పనులూ చేసినవారికే అందులోని కష్టం తెలుస్తుంది. రిటైరు కాబోయే ముందు ఊళ్ళో ఇల్లు కట్టిస్తున్న తాతగారు ఎవరైనా ఉంటే, ఈ సామెత అర్థం ఆయన వివరంగా చెబుతారు.

‘ఇల్లలకగానే పండుగ కాదు.’ పూర్వం పండుగ వస్తోందంటే పేడతో నేల అలికి ముగ్గులు పెట్టేవారు. ఛత్తీస్‌గఢ్ పల్లెల్లో ఇప్పటికీ ఇళ్ళు అలుకుతారు, దీపావళి ముందు వెళితే చూడవచ్చు. అలకడం మొదటి పని మాత్రమే; ఇంకా చాలా పనులు ఉంటాయి. నోటుపుస్తకానికి అట్ట వేసి, పేరు రాసి, చదువు అయిపోయిందనుకునేవారికి ఈ సామెత బాగా సరిపోతుంది.

‘ఇంట గెలిచి రచ్చ గెలువు.’ రచ్చ అంటే ఊరివారు నలుగురూ కూడే చోటు. ముందు నీవాళ్ళ మధ్య నెగ్గు, తర్వాత బయట నెగ్గవచ్చు అని అర్థం. ఇందులో ‘ఇంట’ అన్నది గమనించండి. ఇంటిలో అనే అర్థంలో వచ్చే పాత రూపం అది. తెలుగు మాటకు కూడా ఈ సామెత వర్తిస్తుంది. ఇంట్లో అమ్మానాన్నలతో తెలుగులో మాట్లాడేవారికి తరగతిలో తెలుగు ఎప్పుడూ బరువు కాదు. ఇంట్లో మానేస్తే, తరగతిలో మేము వారానికి చెప్పే కొద్ది గంటలతో అది నిలవడం కష్టం. నాలుగు ఊళ్ళు తిరిగేసరికి పెద్దవాళ్ళు తెలుగులో అడగడం, పిల్లలు హిందీలో జవాబు చెప్పడం చాలా ఇళ్ళలో మొదలవుతుంది. ఊరికి వెళ్ళినప్పుడు ఆ పిల్లలు నానమ్మ పక్కన కూర్చుని ఏం మాట్లాడాలో తెలియక ఫోను చూస్తూ ఉండిపోతారు. నానమ్మకేమో హిందీ రాదు. నానమ్మ ఇంటికి వెళ్ళి కూడా ఇంట్లోకి వెళ్ళనట్టే అది.

మీరు చేయవలసిన పనులు

ఈ వ్యాసం చదివాక కింది పనులు చేయండి. రాసినవి తెలుగు తరగతికి తీసుకురండి. బాగున్నవాటిని గోడపత్రికలో పెడదాం.

1. మీ ఇంటిపేరు ఒక ఊరి పేరా, వృత్తి పేరా, మరేదైనానా? ఊరి పేరే అయితే ఆ ఊరు ఏ జిల్లాలో ఉందో తెలుసుకుని పటంలో గుర్తించండి. అక్కడినుంచి భిలాయి దాకా మీ కుటుంబం ఆగిన ఊళ్ళన్నిటినీ వరుసగా రాయండి.

2. మీ తాతగారు, నానమ్మ, అమ్మమ్మ పుట్టిన ఇల్లు ఎలా ఉండేదో అడగండి. గోడలు దేనితో కట్టారు? కప్పు దేనితో వేశారు? వంటిల్లు ఎక్కడ ఉండేది? వాళ్ళు చెప్పిన మాటలను వాళ్ళు పలికినట్టే రాయండి. మీకు తెలియని మాట వస్తే కింద గీత గీయండి.

3. ‘ఇల్లు’, ‘ఇంటి’ ఉన్న మాటలు ఈ వ్యాసంలో లేనివి పది సేకరించండి.

4. మీ తరగతిలోని ఇతర భాషల స్నేహితులను వాళ్ళ భాషలో ఇంటిని ఏమంటారో అడగండి. ఒడియా, బెంగాలీ, మలయాళం, పంజాబీ, ఛత్తీస్‌గఢీ, ఏదైనా సరే. గోండీ మాట్లాడేవారు ఎవరైనా తెలిస్తే తప్పకుండా అడగండి. వచ్చిన మాటల్లో ఏవి ‘ఇల్లు’ వైపువో, ఏవి ‘గృహ’ వైపువో విడదీయండి.

5. ఫారంలోని ‘శాశ్వత చిరునామా’ గడిలో ఏం రాయాలో ఇంట్లో పెద్దవాళ్ళను అడిగి, అదే రాయండి. దానికి కాగితాలు, రుజువులు కావాలి కాబట్టి వాళ్ళు చెప్పిందే సరైనది. ఆ తర్వాత మీ నోటుపుస్తకంలో ‘మా ఇల్లు’ అని శీర్షిక పెట్టి, పది వాక్యాలు రాయండి. అందులో క్వార్టరు నంబరు ఒక్క వాక్యానికి మించకూడదు. మిగతా తొమ్మిదీ ఇంటివాళ్ళ గురించి ఉండాలి.